సన్న పుస్తకం, లావు పుస్తకం

సెల్లో, పియానో కలిసి వాయించే సొనాటా అచ్చుప్రతి కొంటే ఒకే అట్టలో రెండు పుస్తకాలు వస్తాయి. ఒకటి లావుగా ఉంటుంది. రెండోది దాని మధ్యలో దోపి ఉంటుంది, చాలాసార్లు పది పన్నెండు పేజీలకు మించకుండా, సన్నగా. లావుది పియానో వాయించే మనిషికి. సన్నది సెల్లో వాయించే మనిషికి.

నలభై దాటాక సెల్లో నేర్చుకోవడం మొదలుపెట్టిన నేను, కొన్నేళ్ళ తర్వాత ధైర్యం చేసి బ్రామ్స్ రాసిన ఇ మైనర్ సొనాటా తెప్పించుకున్నాను. అందరూ చేసే పనే నేనూ చేశాను. సన్న పుస్తకం బయటికి తీసి స్టాండు మీద పెట్టాను. లావు పుస్తకం బీరువా మీద పెట్టాను. అది నాది కాదు కదా అనుకున్నాను. ఎనిమిది నెలలు రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేముందు గంటసేపు మొదటి భాగం సాధన చేశాను. ఎడమచేతి వేళ్ళ కొసలు గట్టిపడ్డాయి. ప్రతి స్వరం నా గొంతులోంచి వచ్చినంత సొంతమైపోయింది. ఇక కలిసి వాయించడమే మిగిలిందనుకుని సికింద్రాబాద్‌లో ఉండే ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ స్కూల్లో సంగీతం టీచరుగా రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో ఆర్గాన్ వాయిస్తారు.

నిమిషం బాగానే గడిచింది. తర్వాత ఏదో తేడా వచ్చింది. నేను తప్పు వాయించడం లేదు, తాళం తప్పడం లేదు, అయినా వినడానికి ఇద్దరు మనుషులు ఒకే గదిలో వేరే వేరే ఫోన్లలో మాట్లాడుతున్నట్టు ఉంది. ఆవిడ వాయించడం ఆపేశారు. కళ్ళజోడు తీసి పియానో మీద పెట్టి నా వైపు తిరిగారు.

“నీ పుస్తకంలో నేను లేను బాబూ. నా పుస్తకంలో నువ్వున్నావు. అందుకే నాకు తెలుస్తోంది, నీకు తెలియట్లేదు.”

అంటూ తన ముందున్న లావు పుస్తకాన్ని నా వైపు తిప్పారు. ఈ అధ్యాయమంతా ఆ పేజీ గురించే.

లావు పుస్తకంలో వరుసలు మూడేసి చొప్పున ఉంటాయి. కింద రెండు వరుసలు పియానో రెండు చేతులవి. వాటి పైన, కొంచెం చిన్న అక్షరాల్లో, సెల్లో వరుస మొత్తం అచ్చయి ఉంటుంది. అంటే పియానో వాయించే మనిషి కళ్ళముందు ప్రతి క్షణం ఇద్దరి మాటా ఉంటుంది. సన్న పుస్తకంలో మాత్రం ఒక్కటే వరుస. అవతలి మనిషి పదహారు తాళపు గడులసేపు పాడుతుంటే, సన్న పుస్తకంలో దాని ఆనవాలు ఒక అడ్డగీత, దానిమీద 16 అనే అంకె. అంతే. అవతలివాళ్ళ పాటంతా మన కాగితం మీద ఒక అంకె.

ఇలా అచ్చువేయడం ఎవరి స్వార్థమూ కాదు. సెల్లో వాయించేటప్పుడు ఒక చేయి తీగల మీద, ఒక చేయి కమాను మీద ఉంటాయి. పేజీ తిప్పడానికి మూడో చెయ్యి లేదు. అందుకే పేజీలు తక్కువ ఉండాలి, ఆ తిప్పేది కూడా విరామం వచ్చిన చోటే ఉండాలి. పియానో మనిషికైతే కచేరీలో పక్కన కూర్చుని పేజీలు తిప్పడానికి ఇంకొకరుంటారు. సన్న పుస్తకం పని సులువు కావడం కోసం పుట్టింది. మన జీవితాల్లో సన్న పుస్తకాలు కూడా అలాగే పుడతాయి. నువ్వు వంట చూసుకో, నేను బిల్లులు చూసుకుంటాను. నువ్వు పిల్లల చదువు, నేను అమ్మ మందులు. నువ్వు డిజైన్, నేను క్లయింటు. పని పంచుకోవడం తప్పు కాదు. పంచుకున్నాక అవతలి వరుస ఇక చదవక్కర్లేదని అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

నేను పొరపాటు పడ్డ చోటు చెబుతాను. బ్రామ్స్ ఆ సొనాటాను సెల్లోకిచ్చి మొదలుపెట్టాడు. కింది తీగల మీద, మంద్రంలో, మెల్లిగా పాట లేస్తుంది. పియానో తాళం దెబ్బ మీద పడకుండా దాని పక్కన చిన్న చిన్న స్వరగుచ్ఛాలు వేస్తూ దారి ఇస్తుంది. కాసేపటికి అదే పాటను పియానో అందుకుంటుంది. ఇప్పుడు సెల్లో పని మారింది. కింద నిలబడి పియానోను మోయాలి. నా సన్న పుస్తకంలో ఈ మార్పు ఎక్కడా రాసి లేదు. స్వరాలు వస్తూనే ఉన్నాయి. ఎనిమిది నెలలపాటు వాటిని కూడా పాటే అనుకుని, మనసుపెట్టి, గట్టిగా సాధన చేశాను. అంటే ఆవిడ పాడుతుంటే నేను ఆవిడ మీద అరుస్తున్నాను. అది కూడా ఎంతో శ్రద్ధగా.

శ్రద్ధగా చేసిన పని అవతలివాళ్ళకు ఎందుకు అడ్డమైందో అర్థంకాక బాధపడే మనుషులు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ స్వరాలు తప్పు కావు. పాట చేయి మారిన సంగతి వాళ్ళకు తెలియలేదు.

ఈ సంగీతం పుట్టిన కాలం గురించి కొంచెం చెప్పాలి. సెల్లోకి మొదట్లో ఉన్న పని ఎక్కువగా కింది స్వరాన్ని చిక్కబరచడమే. 1796లో బేతోవెన్ రాసిన రెండు సొనాటాల్లో పియానో రాతే జోరుగా ఉంటుంది. ఆ తర్వాతి వందేళ్ళలో, మనం రొమాంటిక్ యుగమని పిలుస్తున్న కాలంలో, సెల్లో మనిషి గొంతులా పాడటం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పియానో ఒళ్ళు చేసింది. చెక్క చట్రం స్థానంలో ఇనుప చట్రం వచ్చింది, తీగలు లావయ్యాయి, బిగువు పెరిగింది, హాలంతా నింపే నాదం వచ్చింది. సెల్లో గొంతు ఆ వేగంతో పెరగలేదు. పైగా దాని అందమంతా మంద్రంలో ఉంది, పియానో కింది స్వరాలు సరిగ్గా అక్కడే దాన్ని మింగేస్తాయి. పెద్దగొంతు మనిషినీ చిన్నగొంతు మనిషినీ ఒకే గదిలో సమానంగా ఎలా నిలబెట్టాలి? మెండల్‌సన్, షోపాన్, బ్రామ్స్, సేన్‌సాన్స్, గ్రీగ్ వీళ్ళందరి బల్లమీదా ఉన్న ప్రశ్న అదే. అది మన ఇళ్ళల్లో కూడా ఉన్న ప్రశ్నే గనక నాకు ఆ కాగితాలంటే ఇంత ఇష్టం.

షోపాన్ సంగతి చూడండి. ఆయనకు పియానోయే ప్రపంచం. 1829లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, సెల్లో వాయించే రాజివిల్ ప్రభువు ఇంట్లో అతిథిగా ఉన్నప్పుడు, ఆయనకూ పియానో వాయించే ఆయన కూతురికీ ఒక పొలొనేజ్ రాశాడు. పియానో భాగంలో వేళ్ళు జలపాతంలా పరుగెడతాయి. అందులో మెరుపులు తప్ప ఏమీ లేవని షోపానే ఒక స్నేహితుడికి ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పారిస్ వెళ్ళాడు. అక్కడ ఆగస్ట్ ఫ్రాంకోమ్ అనే సెల్లో విద్వాంసుడితో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి ఒక ఆపెరాలోని పాటల మీద యుగళం రాశారు, 1833లో అది అచ్చయింది. ఫ్రాంకోమ్ ఆయన రాతప్రతులకు నకళ్ళు కూడా తీసేవాడు. ఒకరి చేతిరాతను ఇంకొకరు అక్షరం అక్షరం ఎత్తిరాయడం కన్నా దగ్గరతనం ఏముంటుంది.

పొలొనేజ్ రాసి పదహారేళ్ళు గడిచాయి. 1845, 46 సంవత్సరాల్లో షోపాన్ మళ్ళీ సెల్లో కోసం రాయడానికి కూర్చున్నాడు. జి మైనర్ సొనాటా. ఆరోగ్యం చెడింది. రాసింది కొన్నాళ్ళు నచ్చేది, కొన్నాళ్ళు నచ్చేది కాదు. పక్కన పడేసి, మళ్ళీ తీసుకునేవాడు. కుప్పలుగా చిత్తుప్రతులు మిగిలాయి. అంత కష్టం ఎందుకు? రాయడం రాక కాదు. ఈసారి ఆయన మెరుపు కోసం రాయడం లేదు, ఇద్దరి కోసం రాస్తున్నాడు. అందులో మూడో భాగం చాలా చిన్నది, నెమ్మదైనది. ఒకే పాటను సెల్లో కొంత చెప్పి ఆపితే పియానో అందుకుంటుంది, పియానో వదిలిన చోట సెల్లో పట్టుకుంటుంది. గొప్ప పియానో విద్వాంసుడు తన చేతులకు ఇంత తక్కువ పని పెట్టుకున్న పేజీలు అరుదు. 1847లో అచ్చయిన ఆ సొనాటాను ఫ్రాంకోమ్‌కే అంకితమిచ్చాడు. 1848 ఫిబ్రవరి 16న పారిస్‌లో షోపాన్ ఇచ్చిన చివరి కచేరీలో ఇద్దరూ కలిసి దాని చివరి మూడు భాగాలు వాయించారు. మరుసటి ఏడు అక్టోబరులో షోపాన్ పోయాడు.

పొలొనేజ్ నాటి కుర్రాడికి సెల్లో స్వరస్థాయి తెలుసు. సొనాటా నాటి మనిషికి సెల్లో వాయించే మనిషి తెలుసు. అవతలి వరుస చదవడమంటే నేను చెప్పేది ఈ రెండో తెలివి. భార్య ఉద్యోగం ఏమిటని అడిగితే కంపెనీ పేరు చెప్పే భర్తలున్నారు. సాయంత్రం నాలుగింటికి ఆమె ఏ మీటింగులో ఉంటుందో, అందులో ఆమెను భయపెట్టేది ఏమిటో అడిగితే చెప్పలేరు. మొదటిది స్వరస్థాయి తెలియడం లాంటిది.

మెండల్‌సన్‌కు అవతలి మనిషిని తెలుసుకునే పని ఇంట్లోనే అయింది. తమ్ముడు పౌల్ బ్యాంకు వ్యాపారి, సరదాకు సెల్లో వాయించేవాడు. 1829లో వేరియేషన్లు, 1838లో మొదటి సొనాటా ఆ తమ్ముడి కోసం రాసినవే. గ్రీగ్ 1883లో తన సొనాటాను సెల్లో వాయించే అన్న జాన్‌కు అంకితమిచ్చాడు. ఎదురుగా కూర్చునే మనిషి ఎవరో తెలిసి రాసిన కాగితంలో ఆ వెచ్చదనం కనిపిస్తుంది. మెండల్‌సన్ రెండో సొనాటాలోని నెమ్మది భాగం నాకు మరీ ఇష్టం. పియానో ఒక ప్రార్థనాగీతంలా పెద్ద పెద్ద స్వరగుచ్ఛాలు పరుస్తుంది. అది ఒక మాట ముగించాకే సెల్లో తన మాట మొదలుపెడుతుంది, పాడినట్టు కాకుండా మాట్లాడినట్టు. ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకునేలోపే జవాబు చెప్పేసే అలవాటున్నవాళ్ళు ఆ ఒక్క భాగాన్ని వారంపాటు రోజూ వినండి.

ఇక బ్రామ్స్. ఇ మైనర్ సొనాటాను 1862లో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో మొదలుపెట్టాడు. చివరి భాగం 1865లో గానీ పూర్తికాలేదు. మధ్యలో రాసిన నెమ్మది భాగాన్ని తీసి పారేశాడు. 1866లో సిమ్‌రాక్ సంస్థ అచ్చువేసింది. ముఖపత్రం మీద పియానో పేరు ముందు, సెల్లో పేరు తర్వాత ఉంటాయి. ఈ రచనలో పియానో ఎక్కడా ఊరికే పక్కన నిలబడేది కాదని, సమాన భాగస్వామి అని ఆయన ఉద్దేశం. చివరి భాగం చూస్తే అది తెలుస్తుంది. అది బాఖ్ పద్ధతిలో ఫ్యూగులా మొదలవుతుంది. పియానో ఎడమచేయి ఒక మాట అంటుంది, సెల్లో అదే మాటతో వస్తుంది, తర్వాత పియానో కుడిచేయి. మూడు గొంతులు, మూడూ సమానం. చిన్నప్పుడు కొంతకాలం సెల్లో నేర్చుకున్న మనిషి ఆయన. సన్న పుస్తకం ముందు కూర్చున్నవాడికే అవతలి మనిషికి ఎక్కడ ఊపిరాడదో తెలుస్తుంది.

అయితే ఈ సొనాటా గురించి సంగీతకారులు చెప్పుకునే కథ ఒకటుంది. దీన్ని అంకితం పుచ్చుకున్న జోసెఫ్ గాన్స్‌బాకర్ వియన్నాలో పాట నేర్పే ఆచార్యుడు, సెల్లో ఇష్టంకొద్దీ వాయించేవాడు. ఒకసారి ఇద్దరూ కలిసి వాయిస్తుంటే బ్రామ్స్ పియానోను దంచేస్తున్నాడట. నా వాద్యం నాకే వినపడటం లేదని గాన్స్‌బాకర్ మొత్తుకుంటే, అదృష్టవంతుడివి అన్నాడట బ్రామ్స్. కథ నిజమే అయితే ఆయన చేసింది బాగాలేదు. కాగితం మీద అంత న్యాయంగా రాసిన మనిషికి కూడా, గదిలో పియానో ముందు కూర్చున్నాక చేతులు అదుపులో లేవన్నమాట. ఇల్లు ఇద్దరి పేరున ఉంది, జాయింటు అకౌంటు ఉంది, అన్నీ మాట్లాడుకునే చేస్తామని చెప్పుకునే జంటలు దీన్ని కొంచెం ఆలోచించాలి. రాతలో సమానత్వం ఒక పని. రోజూ సాయంత్రం చేతుల బరువు తగ్గించుకోవడం ఇంకో పని.

మన తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. వంత పాడటం అనే మాటను తిట్టుగా మార్చేసుకున్నాం. వాడు వీడికి వంతపాడతాడు అంటే సొంత బుర్ర లేదని అర్థం. బుర్రకథ చూసినవాళ్ళకు వంతలంటే ఎవరో తెలుసు. ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు రాజకీయం చెప్తారు, ఇద్దరూ డక్కీలు వాయిస్తూ కథకుడికి ఊపిరి పోస్తారు. వాళ్ళు లేకపోతే కథ నడవదు. సెల్లోలో పాట పియానోకు ఇచ్చి కింద నిలబడే గడులు కూడా అలాంటివే. అక్కడ వాయించడం తేలిక అనుకున్నాను. నిజానికి అవే కష్టం. పాట నాదైనప్పుడు కొంచెం ముందువెనకలైనా సర్దుకుపోతుంది. మోసేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా పైనున్న మనిషి తూలిపోతుంది.

సరే, చెయ్యాల్సిన పని చెబుతాను. ముందు సంగీతంలో ఎలా చేశానో చెప్తే, తర్వాత మీ ఇంట్లో ఎలా చెయ్యాలో మీకే తడుతుంది.

టీచరుగారు నన్ను రెండు వారాలు సెల్లో ముట్టుకోవద్దన్నారు. లావు పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళమన్నారు. రికార్డింగు పెట్టుకుని పియానో వరుస మీద వేలు పెట్టి చదవమన్నారు. నా వరుస వైపు చూడకూడదు. మొదటి నాలుగు రోజులు చాలా చికాకు పడ్డాను. అయిదో రోజుకు ఎడమచేతి వరుసలో నాకెప్పుడూ వినపడని పాట ఒకటి వినపడింది. అంతకుముందు ఆ రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నా వాద్యాన్నే వింటూ వచ్చాను గనక అది చెవిన పడలేదు.

తర్వాత రంగు పెన్సిళ్ళు. పాట నాదైన చోట ఎరుపు. పాట అవతలివాళ్ళది, నేను మోస్తున్న చోట నీలం. ఇద్దరం వాదించుకుంటున్న చోట ఆకుపచ్చ. నేను మౌనంగా ఉండాల్సిన చోట ఏ రంగూ లేదు, కానీ అక్కడ పియానో ఏం చెప్తోందో ఆ వరుసను చిన్న అక్షరాల్లో నా సన్న పుస్తకంలోకి చేత్తో ఎత్తి రాసుకోవాలి. మంచి ప్రచురణకర్తలు పెద్ద విరామాల చివర అలాంటి చిన్న అక్షరాలు తామే వేస్తారు, మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలియడానికి. నేను చేత్తో రాసుకున్నవే నాకు ఎక్కువ పనికొచ్చాయి. రంగులన్నీ వేశాక చూస్తే నీలం నేను అనుకున్నదానికి రెట్టింపు ఉంది.

విరామాల్లో అంకెలు లెక్కపెట్టడం మానేయమని కూడా ఆవిడే చెప్పారు. “పదహారు దాకా లెక్కపెట్టేవాడు వినడు బాబూ. నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. నువ్వు నా పాట నేర్చుకో, నీ వంతు దానంతటదే వస్తుంది.” ఈ మాట వినగానే నాకు మా ఆఫీసు మీటింగులు గుర్తొచ్చాయి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మనసులో గడులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న రోజులు.

గొంతుల బరువు సంగతి ఇంకొకటి. మెల్లిగా వాయించమనే గుర్తు ఇద్దరి కాగితాల్లోనూ ఒకేలా ఉంటుంది. కానీ నేటి పెద్ద పియానో మెల్లిగా అన్నా, సెల్లో కింది తీగమీద మెల్లిగా అన్నా ఒకటి కాదు. ఎవరి మెల్లి వారిదే. ఇద్దరూ ఎవరి కాగితాన్ని వాళ్ళు నూటికి నూరుపాళ్ళు పాటించినా ఒకరు మునిగిపోవచ్చు. ఇళ్ళల్లోనూ అంతే, నేను మామూలుగానే అన్నాను, ఆమెకే అరిచినట్టు అనిపించింది అంటుంటాం. ఆ ఇద్దరూ నిజమే చెప్తుంటారు. పియానో తోడు వాయించడంలో గొప్పవాడని పేరున్న జెరాల్డ్ మూర్ 1962లో రాసిన తన జ్ఞాపకాల పుస్తకానికి, నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. జీవితమంతా ఆ పనే చేసిన మనిషికి కూడా ఆ ప్రశ్న తీరలేదు. మనం దాన్ని వారానికొకసారైనా అడగవచ్చు.

అడిగితే జవాబు చెప్పేది ఎవరు? వాయించే ఇద్దరిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. గది చివర కూర్చున్న మూడో మనిషికి తెలుస్తుంది. సేన్‌సాన్స్ తన సి మైనర్ సెల్లో సొనాటాను 1872లో రాశాక, చివరి భాగం బాగాలేదని చెప్పింది ఆయన తల్లి. ఆయన దాన్ని పక్కన పెట్టి కొత్తగా రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాయించేది ఆ కొత్తదే. మీ గది చివర కూర్చోగల మనిషి ఒకరుండాలి. మీ ఇద్దరిలో ఎవరి పక్షమూ కాని మనిషి, మొహమాటం లేని మనిషి. పెళ్ళిళ్ళలో పెద్దమనుషులుగా పిలిచేవాళ్ళందరూ ఆ పనికి పనికిరారు, చూసి ఎంచుకోండి.

అచ్చుప్రతుల్లో ఇంకో చిక్కు ఉంది. స్వరాల మీద వేలి అంకెలు, కమాను గుర్తులు, ఇక్కడ నెమ్మదించు, అక్కడ పెంచు అనే సూచనలు నిండుగా ఉంటాయి. వాటిలో రాసినాయన పెట్టినవి కొన్ని, తర్వాతి సంపాదకులు పెట్టినవి చాలా. పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద సెల్లో విద్వాంసులు కొందరు తాము సవరించిన ప్రచురణల్లో ఎంతో చొరవ తీసుకున్నారు. అందుకే 1948లో మొదలైన హెన్లే లాంటి సంస్థలు మూలప్రతులు, తొలి ముద్రణలు పోల్చి రచయిత గుర్తులేవో తేల్చి అచ్చువేస్తున్నాయి. మీ సన్న పుస్తకంలో మీ నాన్నగారి పెన్సిలు గీతలున్నాయి. కోడలంటే ఇక్కడ తగ్గాలి, మగవాడంటే ఇక్కడ పెంచాలి అని ఎవరో పెట్టిన గుర్తులున్నాయి. అన్నీ చెరిపేయమని నేను చెప్పను, కొన్ని అనుభవంతో పెట్టినవి, చేతికి నిజంగా సుఖాన్నిస్తాయి. కానీ ఏది రచయితది, ఏది సంపాదకుడిదో తెలిసి వాయించండి.

గుర్తుల గురించే ఇంకొక్క మాట. బేతోవెన్, ద్వోర్జాక్ లాంటివాళ్ళ పాత సెల్లో రాతల్లో పైస్థాయి గుర్తు వేసి, వాయించాల్సింది మాత్రం ఒక స్థాయి కిందకి అని అర్థంచేసుకునే అలవాటుండేది. తెలియనివాడు కాగితం చూసి ఎక్కడో ఆకాశంలో వాయిస్తాడు. గుర్తు ఒకటే, ఎత్తు వేరు. మన ఇళ్ళల్లో సరే అనే మాట అలాంటిది. ఎవరి సరే ఏ స్థాయిలో చదవాలో ఆ మనిషితో ఉండి నేర్చుకోవాల్సిందే. 1904లో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో అచ్చువేయించినప్పుడు గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. ఎంత గొప్ప పని అది! అయినా ఆ కీర్తనలు గురువు దగ్గర కూర్చున్నవాళ్ళకే పూర్తిగా పలుకుతాయి.

ఇప్పుడు సంగీతం తెలియని ఇద్దరు అన్నదమ్ముల గురించి చెప్తాను. నాకు బాగా తెలిసినవాళ్ళు, టిఫిన్ సెంటరు నడుపుతారు. అన్న పొయ్యి దగ్గర, తమ్ముడు గల్లా దగ్గర. పన్నెండేళ్ళు బాగానే నడిచింది, తర్వాత మాటలు తగ్గిపోయాయి. అన్నకు కోపం: నేను తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి చూసుకుని, పెనం ముందు నిలబడి ఉడికిపోతుంటే వాడు ఫ్యాను కింద కూర్చుంటాడు. తమ్ముడికి కోపం: అప్పు పెట్టినవాళ్ళూ, చట్నీ పలచగా ఉందని అరిచేవాళ్ళూ, గ్యాసు బండ వాడూ, మున్సిపాలిటీ మనిషీ అందరూ నా నెత్తిమీదే, అన్నకు ఒక్క మాటా తగలదు. ఇద్దరి చేతుల్లోనూ సన్న పుస్తకమే ఉంది.

నేను లావు పుస్తకం కథ చెప్పాను. వాళ్ళు ఒక మంగళవారం చోట్లు మార్చుకున్నారు. దోసెలు కొన్ని మాడాయి, చిల్లర కొంత తేడా వచ్చింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేవేళకు అన్న అడిగిన మొదటి మాట, “ఆ కళ్ళజోడాయన రోజూ అట్లాగే అరుస్తాడా?” తమ్ముడు తన చెయ్యి చూసుకుంటున్నాడు, మణికట్టు దగ్గర ఆవిరి తగిలి ఎర్రబడింది. వాళ్ళు ఆ తర్వాత మళ్ళీ చోట్లు మార్చుకోలేదు, అవసరం పడలేదు. అన్న ఇప్పుడు తొమ్మిదింటి రద్దీ తగ్గగానే ఒకసారి గల్లా దగ్గరకొచ్చి నిలబడతాడు. తమ్ముడు పొద్దున్న అరగంట ముందొచ్చి పొయ్యిలు వెలిగిస్తాడు. పని పంపకం అలాగే ఉంది. ఒకరి వరుస ఇంకొకరి కాగితంలోకి చిన్న అక్షరాల్లో ఎక్కింది.

మీరు చోట్లు మార్చుకోలేకపోవచ్చు. సర్జను భార్య ఆపరేషను చెయ్యలేదు, డ్రైవరు కొడుకు లారీ ఎక్కలేడు. వాళ్ళకు రెండో దారి ఉంది, నిజానికి అందరికీ నేను చెప్పేది అదే. ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. మీతో రోజూ కలిసి వాయిస్తున్న ఒక్క మనిషి పేరు పైన రాయండి. భార్య, తమ్ముడు, అత్తగారు, పక్క కుర్చీలో పనిచేసే మనిషి, ఎవరైనా సరే. వాళ్ళు నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఒక రోజు ఎలా నడుస్తుందో గంట గంటకూ రాయండి. ఏ గంటలో పాట వాళ్ళదో, ఏ గంటలో వాళ్ళు మిమ్మల్ని మోస్తున్నారో గుర్తుపెట్టండి. మీ గురించి ఒక్క మాట కూడా రాయకండి. ఖాళీలు వస్తాయి, రానివ్వండి. రేపు ఆ కాగితాన్ని ఆ మనిషి చేతికే ఇచ్చి, ఎర్ర పెన్ను కూడా ఇవ్వండి. దిద్దేటప్పుడు పక్కన కూర్చోండి, మధ్యలో మాట్లాడకండి. దిద్దిన కాగితాన్ని పారేయకుండా మీ దగ్గర ఉంచుకోండి.

నా బ్రామ్స్ ప్రతిలో ఇప్పుడు సన్న పుస్తకం లావు పుస్తకంలోనే ఉంటుంది. వాయించేటప్పుడే బయటికి తీస్తాను.